సామ్ డి కోనింగ్‌ని వెనక లైన్‌కి తెస్తారా, రక్‌లోనే ఉంచేస్తారా?

#1 కార్డీనియా_కాకి (టార్నీట్, జిలాంగ్ అభిమాని)

2024 ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (ఏఎఫ్ఎల్) సీజన్ ముగిసి మూడు వారాలైంది. బ్రిస్బేన్ వాళ్లు గ్రాండ్ ఫైనల్లో సిడ్నీని 60 పాయింట్లతో చితక్కొట్టి కప్పు పట్టుకెళ్లారు. అదే బ్రిస్బేన్ మీద ప్రిలిమ్‌లో, అంటే గ్రాండ్ ఫైనల్‌కి ముందు మ్యాచ్‌లో, మనం (జిలాంగ్ క్యాట్స్) నాలుగు గోల్స్ ముందుండి, చివరికి 10 పాయింట్లతో పోగొట్టుకున్నాం. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు అన్నం సయించట్లేదు. మా ఆవిడ "ఆ పిల్లులు మనకేమైనా బాకీ ఉన్నాయా, ఇంతలా ఏడుస్తున్నారు" అంటోంది.

నా బాధంతా సామ్ డి కోనింగ్ గురించి.

2019 డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునేది) 19వ పిక్‌గా మనం తీసుకున్నాం. 2022కి ముందు సీనియర్ టీమ్‌లో పెద్దగా కనిపించలేదు. ఆ ఏడు ఒక్కసారిగా వెనక లైన్‌లో డిఫెండర్‌గా కుదురుకున్నాడు. కొత్త కుర్రాళ్లకిచ్చే రైజింగ్ స్టార్ అవార్డుకి నామినేషన్ వచ్చింది. సెప్టెంబర్‌లో సిడ్నీని 81 పాయింట్లతో ఓడించిన గ్రాండ్ ఫైనల్ కూడా ఆడాడు. అప్పటికి వాడికి 21 ఏళ్లు. 2020లో మన పాత డిఫెండర్ హ్యారీ టేలర్ రిటైరయ్యాక పడిన గొయ్యి పూడింది, ఇక పదేళ్ల దాకా వెనక బెంగ లేదు అనుకున్నాం.

ఈ సీజన్‌లో ఏం జరిగింది? రక్‌లో మనకి మనుషులు తక్కువయ్యారు. పొడుగ్గా ఉన్నాడు, ఎగురుతాడు అని వాడిని పట్టుకెళ్లి మధ్యలో నిలబెట్టారు. ఒకటి రెండు మ్యాచ్‌ల సర్దుబాటు అనుకుంటే, అదే అలవాటైపోయింది. 23 ఏళ్ల కుర్రాడు, మంచి డిఫెండర్‌గా తయారవుతున్నవాడు. ఈ వయసులో ఏడాది పోతే తిరిగొస్తుందా? మీరేమంటారు?

#2 బ్లూస్_బాబాయ్ (కోబర్గ్, కార్ల్టన్)

వాళ్ల అన్న టామ్ మా దగ్గర రక్. తమ్ముణ్ణి కూడా అదే పనికి పెట్టారంటే ఆ ఇంటి రక్తంలోనే ఉందేమోలే. ఎందుకంత టెన్షన్?

#3 కార్డీనియా_కాకి

బాబాయ్, అన్న దర్జీ అయితే తమ్ముడు కూడా మిషన్ తొక్కాలా?

#4 కొత్తగా_వచ్చా (క్లేటన్, విద్యార్థి)

అన్నలూ, నేను మెల్‌బోర్న్ వచ్చి ఎనిమిది నెలలైంది. మా హౌస్‌మేట్ ఒకడు జిలాంగ్ పిచ్చోడు, వాడి వల్ల నాలుగు మ్యాచ్‌లు చూశాను. రూల్స్ సగమే ఎక్కాయి. రక్ అంటే సరిగ్గా ఏంటి? డిఫెండర్‌కీ దానికీ అంత తేడా ఉందా? అందరూ పరిగెడుతూనే ఉంటారు కదా.

#5 వెనకలైను_వెంకి (పాయింట్ కుక్)

తమ్ముడూ, మంచి ప్రశ్న. నేను ముప్పై ఐదు దాటినవాళ్ల ఆదివారం ఫుటీలో ఫుల్‌బ్యాక్ ఆడతాను. నా ఆట చూసి నవ్వకపోతే చెప్తాను.

రక్ అంటే ఇది. ఆట మొదలైనప్పుడు, గోల్ పడ్డాక, మధ్యలో బంతి గుంపులో ఇరుక్కుపోయినప్పుడు అంపైర్ బంతిని గాల్లోకి లేపుతాడు. రెండు టీముల్లోంచి ఒక్కో పొడుగోడు ఎగిరి, దాన్ని తనవాళ్ల కాళ్ల దగ్గరికి తట్టాలి. మళ్లీ బంతి ఇరుక్కుంటే మళ్లీ అక్కడికి పరిగెత్తాలి. మ్యాచ్ అంతా బంతి వెంబడే తిరుగుడు.

ఫుల్‌బ్యాక్‌ది దానికి తలకిందులు. బంతి వంద మీటర్ల అవతల ఉంటుంది. మనం అవతలి టీమ్ పెద్ద ఫార్వర్డ్ పక్కన నిలబడి, వాడి భుజానికి భుజం ఆనించి కాచుకోవాలి. బంతి గాల్లోకి లేచాక అరక్షణంలో తేల్చుకోవాలి: రెండు చేతులూ ఎత్తి పట్టుకోవడమా, పిడికిలి బిగించి గుద్దేయడమా. గాల్లో ఉన్న బంతిని శుభ్రంగా పట్టుకుంటే మార్క్, ఆట మన చేతిలోకి వస్తుంది. పట్టబోయి జారవిడిస్తే వెనకున్న పొట్టి ఫార్వర్డ్ తీసుకుని గోల్ కొట్టేస్తాడు. గుద్దేస్తే ప్రమాదం తప్పుతుంది, బంతి మాత్రం మనది కాదు.

నా కుడిచేతి చూపుడు వేలు కొంచెం వంకరగా ఉంటుంది. పట్టుకోవాలా గుద్దాలా అని తేల్చుకోలేక, సగం పిడికిలి సగం అరచెయ్యి పెట్టిన రోజు గుర్తు అది. డి కోనింగ్ గొప్పతనం అక్కడే. 2022లో 21 ఏళ్లకే ఆ నిర్ణయం తడబడకుండా తీసుకునేవాడు. అది నేర్పితే వచ్చేది కాదు, బంతులు మీద పడుతూ ఉంటే వస్తుంది.

#6 కొత్తగా_వచ్చా

అయితే కబడ్డీలో కార్నర్ ఆడేవాడిలాగా. రైడర్ కాలు ఎప్పుడు చాపుతాడా అని చూస్తూ కూర్చుంటాడు కదా.

#7 వెనకలైను_వెంకి

అదే. తొందరపడితే పాయింటిచ్చేస్తాడు, ఆలస్యం చేస్తే వాడు గీత దాటిపోతాడు. నీకు సగమే ఎక్కిందన్నావు, ముప్పావు ఎక్కినట్టుంది.

#8 బ్లూస్_బాబాయ్

సరే, పరాచికాలు పక్కన పెట్టి నిజంగానే మాట్లాడతాను. కాకీ, మీ బాధ మాకు కొత్త కాదు. 2015 డ్రాఫ్ట్‌లో మేము మొదటి పిక్‌తో జేకబ్ వైటరింగ్‌ని తీసుకున్నాం. 2016లో మొదటి రౌండ్ నుంచే ఆడించాం. పిల్లాడు నడివయసు వాడిలా ఆడాడు. ఆ తరవాత మాకు గోల్స్ కొట్టేవాళ్లు లేరని ముందుకి తోశారు. ముందూ వెనకా తిప్పారు. నమ్మకం పోయింది వాడికి. 2018లో రెండే మ్యాచ్‌లు గెలిచాం. ఆ ఏడాదే వైటరింగ్‌ని రిజర్వ్స్‌కి, అంటే రెండో టీమ్‌కి పంపారు. మొదటి పిక్, రిజర్వ్స్‌లో! ఇదే చర్చ మా కార్ల్టన్ వాళ్లు ఎన్ని రాత్రులు చేశారో. "వేస్ట్ పిక్" అన్నవాళ్లూ ఉన్నారు.

చివరికి ఏమైంది? వెనక్కి తెచ్చి అక్కడే వదిలేశారు. 2020లో క్లబ్ బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ (క్లబ్‌లో ఆ ఏడాది ఉత్తమ ఆటగాడి అవార్డు) కొట్టాడు. ఈ రోజు లీగ్‌లో ఎవరినడిగినా మొదటి ముగ్గురు కీ డిఫెండర్లలో వాడి పేరు చెప్తారు.

కాబట్టి నేను చెప్పేది, ఏడాది పోతే పోయినట్టు కాదు. తిరిగొస్తుంది. ఊరికే గుండెలు బాదుకోకు.

#9 కార్డీనియా_కాకి

బాబాయ్, నువ్వు నా వాదనే చెప్తున్నావు కదా! ముందుకి తోశారు, పాడయ్యాడు. వెనక్కి తెచ్చారు, బాగుపడ్డాడు. మధ్యలో మూడేళ్లు పోయాయి. ఆ మూడేళ్లు మాకెందుకు?

#10 బ్లూస్_బాబాయ్

పోయిన మూడేళ్లలో వాడేం నేర్చుకున్నాడో నీకూ తెలీదు నాకూ తెలీదు. ఫార్వర్డ్‌గా ఆడినవాడికి ఫార్వర్డ్ బుర్ర ఎలా పనిచేస్తుందో తెలుస్తుంది. దొంగని పట్టాలంటే దొంగలాగే ఆలోచించాలంటారు.

#11 మాగ్‌పై_మామయ్య (గ్లెన్ వేవర్లీ, కాలింగ్‌వుడ్)

బాబాయ్ మాటకి నాదో సాక్ష్యం. డార్సీ మూర్. వాళ్ల నాన్న పీటర్ మూర్ రక్‌మన్, లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్లో మెడల్స్ రెండు, 1979లో ఒకటి, 1984లో ఒకటి. కొడుకు మా దగ్గరికి ఫాదర్-సన్ రూల్ (తండ్రి ఆడిన క్లబ్‌కే కొడుకు రావచ్చన్న రూల్) కింద వచ్చి మొదట ఫార్వర్డ్‌గానే ఆడాడు. వెనక్కి పంపాక విచ్చుకున్నాడు. 2023లో కెప్టెన్‌గా బ్రిస్బేన్ మీద 4 పాయింట్లతో కప్పు ఎత్తాడు. నాన్నలాగే రక్‌లో పెట్టి ఉంటే?

మనిషికి ఒక జాగా ఉంటుంది. అది దొరికే దాకా తిప్పొచ్చు. దొరికాక మాత్రం కదపకూడదు. డి కోనింగ్‌కి దొరికింది, మీవాళ్లు కదిపారు. నేను కాకి పక్షం. కాకి, మాగ్‌పై ఒకే చెట్టు మీద కూర్చోవడం ఇదే మొదటిసారేమో.

#12 వారన్_పాండ్స్_అక్క (జిలాంగ్)

నేను ఫిజియో చదివి ఇక్కడే పని చేస్తున్నాను, మాటలు కొంచెం కటువుగా ఉంటే ఏమీ అనుకోకండి.

అందరూ బుర్ర గురించి మాట్లాడుతున్నారు, ఒంటి గురించి ఎవరూ మాట్లాడట్లేదు. రెండు మీటర్లు దాటిన మనిషి గాల్లో ఇంకో అంతే మనిషిని మోకాళ్లతో గుద్దుకోవడం ఎంత పనో ఆలోచించారా? ఒకప్పుడు రక్‌మన్‌లు ఇరవై అడుగుల దూరం నుంచి పరిగెత్తుకొచ్చి ఎగిరేవాళ్లు. మోకాలి లోపల వెనకవైపు ఉండే లిగమెంట్ చిరగడం అప్పట్లో మామూలైపోయింది. 2005లో మధ్య సర్కిల్ చుట్టూ 10 మీటర్ల పెద్ద సర్కిల్ గీశారు, దాని అవతలినుంచి పరిగెత్తుకురాకూడదని. ఆ గాయాలు చాలా తగ్గాయి, మొత్తానికి పోలేదు.

ఇంకొకటి. డిఫెండర్‌కి కావాల్సింది ఒక్కసారిగా అందుకునే వేగం, ఆగి మళ్లీ ఎగరడం. రక్‌మన్‌కి కావాల్సింది రెండు గంటల పాటు ఎదుటివాడి బరువు మోస్తూ నెట్టుకోవడం. అందుకోసం ఒళ్లు పెంచితే ఆ ఎగురుడులో చురుకు తగ్గొచ్చు. జిమ్‌లో ఏ కండరం పెంచాలన్న దగ్గరే దారి చీలిపోతుంది. 23 ఏళ్లకి ఇంకా ఒళ్లు పూర్తిగా కుదరదు, పొడుగువాళ్లకి మరీను. నా ఓటు వెనక లైన్‌కే. కారణం మాత్రం మీ కారణం కాదు.

#13 కార్డీనియా_కాకి

అక్కా, ఈ 10 మీటర్ల సర్కిల్ సంగతి నాకు తెలీనే తెలీదు. ఇన్నేళ్లు ఆ రెండు గీతలూ అందం కోసం గీశారనుకున్నా.

#14 పెర్త్_పెద్దన్న (వెస్ట్ కోస్ట్)

తూరుపు వాళ్ల చర్చలోకి దూరినందుకు క్షమించాలి.

ఇంటర్‌సెప్ట్ డిఫెండర్, అంటే అవతలివాళ్లు కొట్టిన బంతిని అడ్డంగా వచ్చి పట్టేసేవాడి విలువ ఏంటో మాకు 2018లో తెలిసింది. గ్రాండ్ ఫైనల్ ఆఖరి నిమిషాలు, కాలింగ్‌వుడ్ ముందుంది. వాళ్లు ముందుకి కొట్టిన బంతిని జెరెమీ మెక్‌గవర్న్ వెనక అడ్డంగా వచ్చి పట్టాడు. అక్కడినుంచి వార్డీ, లియామ్ రయన్, చివరికి డామ్ షీడ్ బౌండరీ దగ్గరనుంచి కొట్టిన గోల్. అందరూ షీడ్ గోల్ చూస్తారు. నేను ఇప్పటికీ ఆ రీప్లే మెక్‌గవర్న్ దగ్గరనుంచే పెట్టుకుంటాను. పిడికిలితో గుద్దేసి ఉంటే బంతి గీత దాటేది, కప్పు కూడా దాటేది. పట్టుకున్నాడు.

అలాంటివాడు ఒక్కడు దొరికితే వాడిని ఇంట్లో దేవుడి పటంలా గోడకి కొట్టి పెట్టుకోవాలి. తీసి హాల్లో తిప్పకూడదు.

#15 మాగ్‌పై_మామయ్య

పెద్దన్నా, ఆ మ్యాచ్ పేరెత్తకు. నేను ఆ రాత్రి కారు తాళాలు ఎక్కడ పెట్టానో కూడా గుర్తు లేదు.

#16 పిల్లి_పహిల్వాన్ (వెరిబీ, జిలాంగ్)

ఇంతమంది ఒకే పాట పాడుతుంటే నాకు చిరాకేస్తోంది. ఎదురు చెప్పేవాడు ఒకడైనా ఉండాలి కదా.

కోచ్ క్రిస్ స్కాట్‌కి మనకన్నా తక్కువ తెలుసా? మనిషిని ఒక జాగాకి కట్టేయడం మన క్లబ్ పద్ధతి కాదు. మార్క్ బ్లికావ్స్‌ని చూడండి. స్టీపుల్‌చేజ్ పరిగెత్తేవాడు, ఒలింపిక్స్ కల కన్నవాడు. రూకీగా వచ్చాడు. రక్‌లో ఆడాడు, వింగ్‌లో ఆడాడు, వెనక ఆడాడు. 2015లో, 2018లో క్లబ్ బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ వాడిదే. హ్యారీ టేలర్‌ని కూడా అవసరమైనప్పుడు ఫార్వర్డ్‌కి పంపారు, ఆయనేం చెడిపోయాడు? 280 మ్యాచ్‌లు, రెండు కప్పులు.

2023లో కదలకుండా కూర్చున్నాం. మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడి, చివరికి 12వ స్థానం. 2024లో మనుషుల్ని తిప్పాం, మొదటి ఏడు మ్యాచ్‌లూ గెలిచాం, ప్రిలిమ్ దాకా వెళ్లాం. ఏది కావాలి?

మీరందరూ వాడి కెరీర్ గురించి బెంగ పడుతున్నారు. టీమ్‌కి రక్ లేకపోతే వాడు వెనక నిలబడి ఏం చేస్తాడు? మధ్యలో ప్రతి బంతీ అవతలివాళ్లకి పోతే వెనకున్నవాడి మీద వర్షమే.

#17 వెనకలైను_వెంకి

పహిల్వాన్ గురూ, మొదటి ఏడు గెలవడానికీ డి కోనింగ్ రక్‌లో ఆడడానికీ ముడి పెట్టకు. వాడు రక్‌లో ఎక్కువగా కనిపించింది సీజన్ మధ్యనుంచి. బ్లికావ్స్ పోలిక కూడా నాకు ఎక్కదు. బ్లికావ్స్ వేరే ఆటలోంచి వచ్చాడు, వాడికి సొంత జాగా అంటూ లేదు కాబట్టి ఎక్కడైనా ఇమిడాడు. ఖాళీ పాత్రలో ఏది పోసినా నిండుతుంది. డి కోనింగ్ అప్పటికే సగం నిండిన పాత్ర.

కానీ నీ ఆఖరి ముక్క ఉంది చూడు, వర్షం సంగతి, అది నిజం. హ్యారిస్ ఆండ్రూస్ దానికి తలకిందుల ఉదాహరణ. 2014 డ్రాఫ్ట్‌లో 61వ పిక్. వచ్చినప్పుడు బ్రిస్బేన్ అడుగున ఉంది, 2017లో ఆఖరి స్థానం. బంతి ప్రతి నిమిషం వాడి నెత్తిన పడేది. ఆ వర్షంలో తడిసే నేర్చుకున్నాడు. 2019లో, 2020లో ఆల్-ఆస్ట్రేలియన్ (లీగ్ మొత్తం మీద ఏరిన ఉత్తమ జట్టు)లో చోటు, ఇప్పుడు కప్పు ఎత్తిన ఇద్దరు కెప్టెన్లలో ఒకడు. ఏడేళ్లు వాడిని ఆ గోల్ ముందునుంచి కదపలేదు. అందుకే అంటున్నా, డిఫెండర్‌కి వాన మంచిదే.

#18 పిల్లి_పహిల్వాన్

అయితే మనం అడుగున ఉండాలా ఒక కుర్రాడి చదువు కోసం? టికెట్ డబ్బులు నువ్వు కడతావా?

#19 బ్లూస్_బాబాయ్

మేము కట్టాం. చాలా ఏళ్లు కట్టాం.

#20 కొత్తగా_వచ్చా

నాకు ఒకటి గుర్తొచ్చింది. 2003 వరల్డ్ కప్‌లో ద్రావిడ్‌కి గ్లవ్స్ ఇచ్చారు కదా. ఒక బ్యాట్స్‌మన్ ఎక్కువ ఆడాలని. ఫైనల్ దాకా వెళ్లాం. ద్రావిడ్ బ్యాటింగ్ ఏమీ పోలేదు. ఇదీ అలాంటిదేనా?

#21 మాగ్‌పై_మామయ్య

బాబూ, ద్రావిడ్ అప్పటికి ముప్పై ఏళ్లవాడు, టెస్టుల్లో పరుగుల కుప్ప పోసినవాడు. వాడి చేతికి ఏమిచ్చినా బ్యాటు మర్చిపోడు. 23 ఏళ్లవాడు మర్చిపోతాడు.

#22 పిల్లి_పహిల్వాన్

ఆ ఫైనల్లో ఏమైందో కూడా చెప్పు మామయ్యా.

#23 మాగ్‌పై_మామయ్య

ఈ థ్రెడ్‌లో అందరూ నా గాయాలమీదే కారం చల్లుతున్నారు.

#24 బ్లూస్_బాబాయ్

ఎవరూ అడగని విషయం ఒకటి నేనడుగుతా. మీ సొంత గ్రౌండ్ కార్డీనియా పార్క్ వెడల్పు 115 మీటర్లు. ఎంసీజీ 140 దాటుతుంది. సన్నటి సందులో కాపలా కాయడం సులువు, ఇద్దరు చేతులు చాస్తే గోడ అయిపోతుంది. డి కోనింగ్ అంత బాగా కనిపించడంలో ఆ సందు వాటా ఎంత? సీజన్లో మూడో వంతుకి పైగా మ్యాచ్‌లు అక్కడే ఆడతారు.

#25 కార్డీనియా_కాకి

ఇదొచ్చిందా మళ్లీ. 2022 గ్రాండ్ ఫైనల్ ఏ సందులో ఆడారు బాబాయ్? నీ ఎంసీజీలోనే. సిడ్నీ మొత్తం మ్యాచ్‌లో కొట్టింది 8 గోల్స్. వెనక లైన్ పని చేయకుండానే?

#26 వెనకలైను_వెంకి

ఇద్దరూ కొంచెం కొంచెం కరెక్టే. సన్న గ్రౌండ్లో బంతి ఎటునుంచి వస్తుందో ఊహించడం తేలిక, కానీ జనం కూడా ఇరుకే, ఎగరడానికి ముందు అడుగు వేసుకోడానికి చోటుండదు. వెడల్పు గ్రౌండ్లో ఫార్వర్డ్ నిన్ను అటూ ఇటూ పరిగెత్తిస్తాడు, ఒంటరిగా దొరికిపోతావు.

అసలు ఈ రోజుల్లో ఒకడిమీద ఒకడు అన్న డిఫెన్స్ లేదు. అందరూ కలిసి వల వేస్తారు. టామ్ స్టీవర్ట్ బంతి చదువుతూ తిరగాలంటే, ఎవడో ఒకడు పెద్ద ఫార్వర్డ్‌ని ఒంటరిగా పట్టుకుని ఉండాలి. ఆ చాకిరీ 2022లో డి కోనింగ్, జాక్ హెన్రీ, కొలొజ్యాష్నీ పంచుకున్నారు. 2023 చివర్లో రటుగోలియా పోర్ట్ అడిలైడ్‌కి వెళ్లిపోయాడు, వాడు కూడా ఫార్వర్డ్‌గా వచ్చి డిఫెండర్ అయినవాడే. ఇప్పుడు డి కోనింగ్‌నీ లాగేస్తే, నష్టం వాడొక్కడికే కాదు. స్టీవర్ట్ కూడా తిరగడం మానేసి కాపలా కాయాలి. చొక్కాకి ఒక గుండీ ఊడితే చొక్కా అంతా వంకరపోతుంది.

#27 వారన్_పాండ్స్_అక్క

స్టీవర్ట్ పేరొచ్చింది కాబట్టి చెప్తున్నా. ఆయన డ్రాఫ్ట్ అయ్యేసరికి 23 ఏళ్లు. 2016లో 40వ పిక్. అంతవరకూ వడ్రంగి పని చేసుకుంటూ ఊళ్లో ఆడాడు. అంటే ఈ రోజు డి కోనింగ్ ఉన్న వయసులో స్టీవర్ట్ ఇంకా మొదలే పెట్టలేదు. మీరంతా "ఏడాది పోయింది" అని లెక్క పెడుతుంటే నాకు నవ్వొస్తోంది.

#28 కార్డీనియా_కాకి

అక్కా... దానికి నా దగ్గర జవాబు లేదు. రేపొస్తా.

#29 మోడరేటర్_మంగతాయారు

రేపొస్తానని వెళ్లినవాళ్లు రెండు వారాలైనా రాలేదు. థ్రెడ్ మూసేయనా? అలాగే #18లో "టికెట్ డబ్బులు" మాట మీద వచ్చిన ఆరు రిపోర్టులూ చదివాను. అది తిట్టు కాదు, వదిలేయండి.

#30 కార్డీనియా_కాకి

మూయకండి మేడమ్, వచ్చా. దీపావళి పనులు.

ఈ రెండు వారాల్లో ఒక పని చేశాను. పాత మ్యాచ్‌లు తీసి చూశాను, 2022వి రెండు, ఈ ఏడాది రక్‌లో ఆడినవి రెండు. స్కోరు పట్టించుకోకుండా వాడిని మాత్రమే చూడాలని. టీవీలో అది కుదరదని అరగంటకే అర్థమైంది. కెమెరా బంతి వెంట పోతుంది. డిఫెండర్ పనంతా బంతి రాకముందే అయిపోతుంది కదా. బంతి వచ్చేసరికి వాడు అప్పటికే సరైన చోట ఉంటాడు, మనకేమో "అదృష్టం, అక్కడే ఉన్నాడు" అనిపిస్తుంది.

అప్పుడు నాకు గుర్తొచ్చింది, వాడిని నేను అసలు ఎలా ఇష్టపడ్డానో. 2022లో ఒక శనివారం. టార్నీట్ స్టేషన్లో వీలైన్ రైలు ఎక్కి, ముప్పావు గంట లోపే సౌత్ జిలాంగ్‌లో దిగి, జనంతో పాటు నడుచుకుంటూ పోయాం. మా ఆవిడ పులిహోర డబ్బా తెచ్చింది. గోల్ వెనక సీట్లు దొరికాయి. ఆట అటు చివర జరుగుతోంది, అందరూ అటే చూస్తున్నారు. మా ఆవిడకి ఆట తెలీదు కాబట్టి ముందున్నవాళ్లని చూస్తోంది. "ఆ పొడుగబ్బాయి ఏంటండీ, బంతి అక్కడుంటే వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు, పక్కవాడి చొక్కా మీద చెయ్యి తీయట్లేదు" అంది. చూశాను. వెనక్కి నాలుగడుగులు, తల తిప్పి ఒకసారి గోల్ పోస్టులు, మళ్లీ బంతి, మళ్లీ పక్కవాడి కాళ్లు. ఎవరికో చెయ్యి ఊపి ఎడమకి జరగమన్నాడు. అప్పటికి బంతి ఇంకా మధ్య గీత కూడా దాటలేదు. అది దాటి లేచేసరికి చొక్కా మీద చెయ్యి తీసేసి, రెండడుగులు వేసి, పక్కవాడి భుజం మీదుగా ఎగిరి పట్టేశాడు. మా ఆవిడ చేతిలో చెంచా అలాగే ఉండిపోయింది.

రక్‌లో ఆడిన మ్యాచ్‌లలో ఆ వెనక్కి నడక లేదు. పరుగు ఉంది, ఎగురుడు ఉంది, చెమట ఉంది. ఆ నడక లేదు. నా బాధ ఏడాది పోయిందని కాదని ఇప్పుడు తెలుస్తోంది. అక్క లెక్క కరెక్టే, 23 అంటే ఏం మునిగిపోలేదు. ఆ నడక మర్చిపోతాడేమోనని నా భయం.

#31 వెనకలైను_వెంకి

కాకీ, ఈ థ్రెడ్‌లో ఇంతవరకూ ఇంత మంచి పోస్టు లేదు. కానీ ఒకటి చెప్పనా? ఆ నడక మర్చిపోడు. నేను మోకాలు నొప్పితో ఏడాదిన్నర ఆడలేదు. తిరిగి వెళ్లిన మొదటి ఆదివారం ఊపిరి అందలేదు, కాళ్లు అందలేదు, బంతి చేతుల్లోంచి జారింది. కానీ పాదాలు మాత్రం వాటంతట అవే వెనక్కి నడిచాయి.

#32 పిల్లి_పహిల్వాన్

రక్‌లో ఆడాక వెనక్కొస్తే ఇంకో లాభం. గాల్లో ఎదుటివాడి ఒళ్లు ఎలా వాడాలో, మోచెయ్యి ఎక్కడ పెట్టాలో తెలిసి ఉంటుంది. పెద్ద ఫార్వర్డ్‌లు అంత తేలిగ్గా నెట్టలేరు. వైటరింగ్ సంగతి బాబాయ్ చెప్పాడుగా. పోతే, నేను కూడా వాడిని పూర్తిగా రక్‌మన్ చేయమనట్లేదు. ఇంకో రక్‌మన్ నిలబడేదాకా వాడితో నెట్టుకురమ్మంటున్నా. అంతవరకే.

#33 కార్డీనియా_కాకి

"అంతవరకే" అని ముందే చెప్పి ఉంటే మూడు పేజీలు తగ్గేవి గురూ.

#34 మాగ్‌పై_మామయ్య

"అంతవరకే" అని తెచ్చిన తాత్కాలిక ఏర్పాట్లు ఎంత కాలం ఉంటాయో మన ఊళ్లో రోడ్డు డైవర్షన్లని అడగండి.

#35 కొత్తగా_వచ్చా

ఇంకో చిన్న డౌట్. డిఫెండర్ కావాలనే బంతిని తన గోల్ గీత దాటించేస్తే అవతలివాళ్లకి ఒక్క పాయింటే కదా. గోల్ అయితే ఆరు. మరి ప్రతిసారీ అదే చేయొచ్చు కదా?

#36 పిల్లి_పహిల్వాన్

నాయనా, నువ్వు తెలీక అడిగావు గానీ, జిలాంగ్ వాళ్ల దగ్గర ఆ ప్రశ్న అడక్కూడదు. 2008 గ్రాండ్ ఫైనల్లో హాథార్న్ మా మీద సరిగ్గా అదే చేసింది. 11 సార్లు కావాలని దాటించారు. మేము ఓడాం. మరుసటి ఏడు రూల్ మార్చారు: ఒత్తిడి లేకుండా కావాలని దాటిస్తే ఫ్రీ కిక్. రూలైతే వచ్చింది, ఆ ఏటి కప్పు మాత్రం తిరిగి రాలేదు.

#37 మాగ్‌పై_మామయ్య

హమ్మయ్య, ఎవరికో ఒకరికి కూడా గాయం తగిలింది.

#38 వారన్_పాండ్స్_అక్క

అన్నట్టు, 2023 డ్రాఫ్ట్‌లో 11వ పిక్‌గా వచ్చిన కానర్ ఓ'సలివన్‌ని ఎవరైనా గమనిస్తున్నారా? వాడూ పొడుగే, వాడూ వెనకాడే కుర్రాడే. డి కోనింగ్‌ని రక్‌కి పంపగలిగారంటే ఇలాంటివాళ్లు వస్తున్నారన్న ధైర్యం కూడా ఉండొచ్చు. లేదా వాడికి తోడుగా వెనక నిలబడి నేర్పడానికి డి కోనింగే తిరిగి రావచ్చు. అప్పటికి డి కోనింగ్ కుర్రాడు కాదు, అన్న.

#39 కార్డీనియా_కాకి

అది నాకు తట్టలేదు అక్కా. 23 ఏళ్లకే వాడిని పెద్దవాణ్ణి చేసేశావు.

సరే, కొత్త సీజన్ ఫిక్స్చర్ వచ్చాక కార్డీనియా పార్క్‌లో మొదటి శనివారం మ్యాచ్‌కి వెళ్దాం, టార్నీట్ స్టేషన్ రెండో ప్లాట్‌ఫాం దగ్గర కలుద్దాం. కొత్తగా వచ్చిన తమ్ముడూ, నువ్వు క్లేటన్‌నుంచి సదర్న్ క్రాస్‌కి వచ్చి అక్కడ వీలైన్ ఎక్కు, మేము మధ్యలో ఎక్కుతాం. మైకీ కార్డులో (రైలు టికెట్ కార్డు) డబ్బులు చూసుకో. బాబాయ్, నువ్వు కూడా రా, నీలం స్కార్ఫ్ మాత్రం సంచీలో పెట్టుకో.

#40 బ్లూస్_బాబాయ్

పులిహోర ఉంటే వస్తా. స్కార్ఫ్ మెడలోనే.

#41 కొత్తగా_వచ్చా

అన్నా, సీట్లు ఎక్కడ తీసుకోవాలి? మధ్యలో అయితే ఆట బాగా కనిపిస్తుందంటున్నాడు మా హౌస్‌మేట్.

#42 కార్డీనియా_కాకి

గోల్ వెనక తీసుకో. బంతి అటు చివర ఉన్నప్పుడు ఇటు చూడు.